మూత తీయని డీజిల్ మందు

నేను ఒక సీసాను. నా కడుపులో ఉన్నది డీజిల్ మందు. నన్ను ట్యాంకులో పోస్తే మైలేజీ పెరుగుతుందనీ, పొగ తగ్గుతుందనీ నా ఒంటిమీద బంగారు రంగు అక్షరాల్లో రాసి, పక్కన పరుగెత్తే గుర్రం బొమ్మ కూడా వేశారు. లారీకీ గుర్రానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. మమ్మల్ని బజారుకు చేరవేసిన కంపెనీ లారీ దారంతా నల్లటి పొగ కక్కుతూనే వచ్చింది. దాని ట్యాంకులో ఒక సీసా పోద్దామని ఎవరికీ తోచలేదు.

రావులపాలెంలో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో చాలాకాలం దుమ్ము కొట్టుకుపోయాను. చివరికి తాతబ్బాయి గారు నన్ను కొన్నారు. ఆయనకు నాగపూర్‌కు కొబ్బరికాయలు తోలే లారీ ఒకటుంది. ఈమధ్య అది డీజిల్ ఎక్కువ తాగుతోంది. డ్రైవరు పేరయ్య దారిలో డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని ఆయన అనుమానం. తాతబ్బాయి గారు ఆ లారీని కొన్ననాటి నుంచీ పేరయ్యే తోలుతున్నాడు. దొంగ అనిపించుకుని దిగిపోవడం కంటే గోదాట్లో దూకడం నయమనుకునే రకం.

"ఈ మందు పోసి నాగపూరెల్లిరా. మైలేజీ పెరిగిందా, తప్పు ఇంజనుది. పెరగలేదా, తాళాలు నా చేతిలో పెట్టి దిగిపో," అన్నారు తాతబ్బాయి గారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు పేరయ్య.

బంకులో ట్యాంకు నిండేసరికి రాహుకాలం వచ్చింది. ఇంత గండం గట్టెక్కించాల్సిన మందును రాహుకాలంలో పోస్తారా? పేరయ్య నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, స్టీరింగు ముందున్న దుర్గమ్మ పటం పక్కన కూర్చోబెట్టాడు. కాసేపాగి పోయవచ్చనుకున్నాడు. రాహుకాలం దాటింది. సూర్యాపేట దాటింది. హైదరాబాదు కూడా దాటింది. భయంలో మునిగిన పేరయ్యకు పోయడం గుర్తు రాలేదు. నా వైపు చూసినప్పుడల్లా దణ్ణం మాత్రం పెట్టాడు.

ఆ ప్రయాణమంతా లారీని పచ్చి బాలింతను తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాడు. రైల్వే గేటు పడితే ఇంజను ఆపేశాడు. టైర్లకు గాలి కొట్టించాడు, ఎయిర్ ఫిల్టరు దులిపించాడు. ఆర్టీసీ బస్సు దాటిపోతే ఊరుకున్నాడు. గడ్డి ట్రాక్టరు దాటిపోయినప్పుడు మాత్రం పళ్లు నూరుకుని, అమ్మవారి వైపు చూసి, ఊరుకున్నాడు.

తిరిగొచ్చాక తాతబ్బాయి గారు ముందుగా తాళాలు తీసేసుకున్నారు. దగ్గరుండి ట్యాంకు నింపించి లెక్క చూసుకున్నారు. మైలేజీ బాగా పెరిగింది.

"చూసేవా, మందంటే ఇదీ. ఏదీ, ఆ కాళీ సీసా ఇలా తే, ఇంకోటి తెప్పిస్తాను."

పేరయ్య నన్ను అందుకున్నాడు. నేను బరువుగా తగిలాను. సీలు కూడా ఊడలేదు. మందు పోయకుండానే మైలేజీ పెరిగిందంటే, మునుపటి డీజిల్‌ను ఎవరో మింగినట్టే కదా. పోసేనండి అని ఒక్క అబద్ధమాడి నన్ను సీటు కిందకు తోసేస్తే గండం గడిచిపోతుంది. కానీ నా నుదుట దుర్గమ్మ బొట్టుంది.

"పొయ్యలేదండి," అన్నాడు.

"మరి ఇన్నాళ్లూ ఆ డీజిలెవడు తాగేడ్రా?"

"నేనే తగలేసేనండి. అమ్ముకోలేదండి, అమ్మోరి మీదొట్టు. గేటు కాడ ఇంజనాపకుండా పాటలినేవోణ్ణి. బస్సు దాటితే ఊరుకునేవోణ్ణి కాదు. టైర్లకి గాలి కొట్టిద్దావంటే కాయలు ఆలీసవవుతాయనేవోరు మీరు. ఈసారి దొంగంటారని బయవేసి నెమ్మదిగా తోలేనండి."

దొంగ అన్న మాట దగ్గర అతను ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది. సీలు వేసి ఉండడం వల్ల బయటికి రాలేదు.

తాతబ్బాయి గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం యజమానులకు అలవాటు లేని పని. అందుకని తాళాలు పేరయ్య చేతిలో పెట్టి, నన్ను మళ్లీ అమ్మవారి పక్కన పెట్టారు.

"పొయ్యకుండానే ఇంత పన్జేసింది. దాని మూత తియ్యకు," అన్నారు.

ఇప్పుడు నా గడువు తేదీ దాటిపోయింది. గుర్రం ఎండకు వెలిసి మేకలా కనిపిస్తోంది. అయినా బయలుదేరేముందు పేరయ్య నాకు బొట్టు పెట్టి, కిందకు దిగి టైర్లలో గాలి చూస్తాడు. ఈ మందు నిజంగా పనిచేస్తుందా అని తోటి డ్రైవర్లు వచ్చి అడుగుతుంటారు. మా లారీకి పన్జేసిందండి అంటాడు.

నా మూత ఎవరూ తీయకూడదని నేను కూడా దుర్గమ్మకు మొక్కుకున్నాను. తీసి పోస్తే, నేను పనిచేస్తానో లేదో నాకు కూడా తెలిసిపోతుంది.