గడప బయట తల్లి

“రిబ్బన్ల మీద పేరు అచ్చేయించకపోవడమే మంచిదైంది,” అంది ఆర్గిరో, చక్కెర పూత వేసిన బాదంపప్పుల్ని తెల్లటి వలగుడ్డ ముక్కల్లో పోస్తూ.

కల్లిరోయి చేతిలో ముడి సగంలో ఆగిపోయింది. ఆమె తెల్లవారుజామునే లేచింది. చంటిదానికి పాలిచ్చి, పెద్ద పిల్లలిద్దరికీ తలలు దువ్వి, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి, మామగారి బూట్లు తుడిచి, బాప్తిస్మానికి వచ్చేవాళ్లకి పంచే ఈ బాదం మూటలు కట్టడానికి అత్తగారి పక్కన కూర్చుంది. అంత పనిలోనూ మనసు హాయిగానే ఉంది. ఆరు నెలలుగా పాప, పాప అని పిలుస్తున్న పిల్లకి ఇవాళ తన తల్లి పేరు వస్తుందన్న సంతోషం అది.

“అదేంటత్తయ్యా, పేరు ఎప్పుడో అనుకున్నాం కదా.”

“అనుకున్నవన్నీ అవుతాయా,” అంది అత్తగారు. పొయ్యి మీద కాఫీ పొంగుతున్నట్టు గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు.

మొదటి కూతురికి అత్తగారి పేరు పెట్టారు. అది ఆచారం, కల్లిరోయిని ఎవరూ అడగలేదు, తనూ ఏమీ అనుకోలేదు. రెండోసారి మగపిల్లాడి కోసం దాచిపెట్టుకున్న మామగారి పేరుకే తోక తగిలించి, పనాయోతిస్‌ని పనాయోతా చేసి పిల్లకి తొడిగేశారు. అప్పుడు మాత్రం కడుపు రగిలింది. మూడోసారి కడుపుతో ఉండగా అమ్మ ఆసుపత్రిలో పడింది. జీవితమంతా ఒకరి ఆలివ్ తోటల్లో వలలు పరిచి కాయలు దులిపిన చేతులు దుప్పటి మీద కట్టెల్లా పడి ఉన్నాయి. ఆ మంచం పక్కనే మొగుడు లెఫ్తెరిస్ మాటిచ్చాడు, ఆడపిల్ల పుడితే అమ్మ పేరే, ఫొతిని అని పెడదామని. అమ్మ నవ్వింది. ఆ నవ్వుతోనే పోయింది. ఆ కాన్పులో తన ఒంట్లో రక్తమంతా పోయినంత పనైంది, డాక్టరమ్మ మొహం చిట్లించుకుని “ఇక చాలమ్మా” అంది. మందుల షాపులో మళ్లీ పనికి వెళ్లిన రోజున యజమాని నలుగురి ముందూ “మళ్లీ సెలవు ఎప్పుడో ముందే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటాను” అని నవ్వాడు. అన్నీ ఓర్చుకుంది. ఆ పేరు ఒక్కటి దక్కుతుందనుకుంది.

పెద్ద పిల్లలిద్దరూ తాతగారి కారెక్కారు. స్పార్టా దాటి నారింజ తోటలు వెనక్కి పోయేదాకా మొగుడి కారులో కల్లిరోయి ఊరుకుంది. పాప ఒళ్లో నిద్రపోయింది.

“ఏం పేరు పెడుతున్నారు?” అని అడిగింది. కన్న కూతురి పేరు మొగుణ్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

లెఫ్తెరిస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “మా స్తమాతా అక్క పేరు పెడదామంటున్నాడు నాన్న. బాప్తిస్మంలో పాపని ఎత్తుకునే జ్ఞానతల్లి అక్కే కదా, ఆమెకీ గౌరవంగా ఉంటుంది.”

గౌరవమట. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో ఆఖరిదానికి స్తమాతా అని పెడతారు. ఇక ఆపు, అని దాని అర్థం. దేవుడికో, తల్లి కడుపుకో, ఎవరికి చెబుతారో ఆ చెప్పేవాళ్లకే తెలియాలి. పనాయోతిస్‌కి ఇద్దరు కూతుళ్ల తర్వాత మూడో కూతురు పుడితే ఆ పేరు పెట్టాడు. తర్వాతి కాన్పులో లెఫ్తెరిస్ పుట్టాడు. ముసలాయన ఈ కథ ప్రతి పండగ భోజనం దగ్గరా చెబుతాడు, ఆ స్తమాతాయే ఆయన కంచంలో మాంసం వడ్డిస్తూ ఉండగా. పై ఇద్దరూ పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. ఆమె యాభై ఏళ్లు వచ్చినా తల్లిదండ్రులకి చాకిరీ చేస్తూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

“అంటే నాలుగో కాన్పు కూడా మీరే నిర్ణయించేసుకున్నారన్నమాట.”

“ఎవరన్నారు ఆ మాట? ఏదో పెద్దాయన ముచ్చట. పేరేగా, దానికింత రాద్ధాంతమా?”

“పేరేగా. అయితే మా అమ్మ పేరే పెట్టు.”

“ఇదిగో, గుళ్లో గొడవ చెయ్యకు. నాన్నకి అసలే బీపీ.”

తన రక్తం సంగతి ఎవరికీ గుర్తులేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పాతకాలపు కోట ఊరు మొనెంవాసియాలో కార్లు కోట తలుపు బయటే ఆగాలి. లోపల కొండవాలు మీద ఇళ్ల మధ్య రాళ్లు పరిచిన సన్నటి దారి, మెట్లు. పనాయోతిస్ పుట్టింది ఇక్కడే, అందుకే ఇంటిల్లిపాదికీ బాప్తిస్మాలు ఇక్కడి చిన్న గుళ్లోనే. మగవాళ్లు పూసల దండలు వేళ్ల మధ్య తిప్పుకుంటూ, చేతులూపుకుంటూ ముందు నడిచారు. నూనె సీసా, తువ్వాళ్లు, పెద్ద కొవ్వొత్తి, తెల్లబట్టల పెట్టె, బాదం మూటల బుట్ట, పాప అన్నీ ఆడవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఎండకి రాళ్లు చెప్పుల్లోంచి కాలుతున్నాయి. కల్లిరోయి పాపతో రొప్పుతూ స్తమాతాని అందుకుంది.

“వదినా, మావయ్య నీకు చెప్పాడా?”

“నిన్న చెప్పాడు.”

“నువ్వేమన్నావు?”

“నేనేమంటాను? ఆయన చెప్పాక నేను ఏదైనా అనడం ఎప్పుడైనా విన్నావా?”

“గుళ్లో ఫాదర్ అడిగేది నిన్ను. నీ నోటంట వచ్చిందే పేరు. నా మాట అక్కడ చెల్లదు.”

స్తమాతా రెండు మెట్లు ఎక్కి ఆగింది. “బళ్లో టీచరు నా పేరు పిలిస్తే చాలు, మగపిల్లలు గాడిదకి కళ్లెం లాగినట్టు చేతులు లాగి ‘ఆగు, ఆగు’ అనేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఏం చెయ్యను మరి.” కొవ్వొత్తిని చంకలోకి సర్దుకుంది. “ఎండ మండిపోతోంది, పాపకి టోపీ పెట్టు.”

అంతే. ఔననలేదు, కాదనలేదు.

గుడి గుమ్మం దగ్గర పనాయోతిస్ చేతులు చాచాడు. పేరు పలికేదాకా తల్లి లోపలికి రాకూడదు. పలికాక పిల్లలు పరుగెత్తుకొచ్చి తల్లికి చెప్పాలి. స్పార్టాలో ఇప్పుడు ఎవరూ ఈ పద్ధతి పాటించడం లేదు. ఈ ఊళ్లో కూడా తగ్గిపోయింది. పనాయోతిస్ ఇంట్లో మాత్రం తగ్గలేదు.

“తల్లి బయటే,” అన్నాడాయన పాపని అందుకుంటూ. “మా అమ్మ ఇక్కడే నిలబడింది. మీ అత్త నాలుగుసార్లు నిలబడింది. ఎవరికీ కాళ్లు విరగలేదు.”

కల్లిరోయి గోడ నీడలో నిలబడింది. ఇదే చోట ఇదివరకు రెండుసార్లు నిలబడింది, పిల్లలు అరుచుకుంటూ వచ్చి పేరు చెబితే అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యం నటించింది కూడా. తొమ్మిది నెలలు మోసింది తను. రాత్రిళ్లు మేలుకునేది తను. ఆ పిల్లని జీవితాంతం ఏమని పిలవాలో చెప్పడానికి మాత్రం లోపలున్న వాళ్లందరూ పనికొస్తారు, తను పనికిరాదు. లోపల బట్టలు విప్పుతున్నట్టున్నారు, పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకి రొమ్ముల్లో పాలు చేపి, కొత్త గౌను ముందంతా తడిసింది. మొదట సిగ్గేసి చేతులు అడ్డం పెట్టుకుంది. తర్వాత కోపం వచ్చింది. రేపు ఈ పిల్ల పెద్దదై, నాకీ పేరు పెడుతుంటే నువ్వెక్కడున్నావమ్మా అని అడిగితే, గుడి బయట నిలబడ్డాను తల్లీ అని చెప్పాలా?

చేతులు తీసేసి, ఆ తడిసిన గౌనుతోనే లోపలికి నడిచింది.

గుసగుసలు లేచాయి. స్తమాతా చేతుల్లో ఒళ్లంతా నూనె పూసిన పాప జారిపోతూ ఏడుస్తోంది. నీళ్ల తొట్టి పక్కన ఫాదర్, ఆయన పక్కన చేతికర్రతో మామగారు. లెఫ్తెరిస్ గబగబా వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఒక్క నిమిషం బయటుండు. అయిపోవచ్చింది.”

“ఒక్క నిమిషమేగా. లోపలే ఉంటాను.”

“ఆవిణ్ని పంపించెయ్యండి ఫాదర్,” అన్నాడు పనాయోతిస్.

ఆ ఫాదర్ కుర్రవాడు, ఎటు చూడాలో తెలియక పుస్తకంలోకి చూశాడు. “తల్లి ఉండకూడదని ఇందులో ఎక్కడా లేదండి,” అని నసిగి, స్తమాతా వైపు తిరిగాడు. “పాప పేరు?”

స్తమాతా జారుతున్న పాపని పైకి సర్దుకుంది.

“స్తమాతా అని పెట్టండి,” అన్నాడు పనాయోతిస్.

“జ్ఞానతల్లి చెప్పాలండి.”

“చెప్పవే మరి. నోరు పడిపోయిందా?”

స్తమాతా పాపని గుండెలకి గట్టిగా అదుముకుంది. మంచి జాకెట్టంతా నూనె అయింది.

“అది నా పేరు నాన్నా,” అంది మెల్లగా. “నాతోనే పోనీ.”

ఆర్గిరో తలగుడ్డ కొసతో నోరు మూసుకుంది. నాలుగుసార్లు గడప బయట నిలబడిన ఆమె మూడోసారి ఏం విన్నదో, అప్పుడు ఏమనుకున్నదో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

“తల్లి ఇక్కడే ఉంది ఫాదర్,” అంది స్తమాతా. “ఆమె ఏది చెబితే అది నేను చెప్పినట్టే.”

“ఫొతిని,” అంది కల్లిరోయి. గట్టిగా మళ్లీ చెప్పింది. “ఫొతిని.”

ఫాదర్ పాపని అందుకుని ఆ పేరుతోనే నీళ్లలో మూడు మునకలు వేయించాడు. పనాయోతిస్ చేతికర్ర టకటకలాడించుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. లెఫ్తెరిస్ తండ్రి వెళ్లిన వైపూ, పెళ్లాం వైపూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“సంతోషమేనా? మనవడి మీద అంత ఆశ పెట్టుకున్నాడు. ఇప్పుడెళ్లి ఆయనకేం చెప్పమంటావు?”

కల్లిరోయి తువ్వాలు విప్పి, తడి పాప కోసం చేతులు చాచింది.

“ఇక కాన్పులు లేవని చెప్పు. ఈసారి ఆపింది నేనని చెప్పు.”