తాడు కొలత పోయిన ఏడు

మా ద్వీపానికి సముద్రాన్ని ఆపే కట్ట లేదు. ఉప్పుగడ్డి మొలిచే బురదనేల, మట్టిదిబ్బల మీద ఇళ్ళు. ఏటా చలికాలం సముద్రం పడమటి అంచును కొరికేది. అందుకే మా పచ్చికలో ఎవరికీ సొంత నేలచెక్క ఉండేది కాదు. ప్రతి జూన్‌లో మిగిలిన నేలంతా తాడుతో కొలిచి, పుల్లలు తీసి వాటాలు పంచుకునేవాళ్ళం. సముద్రం తిన్నది తలా కొంచెం తగ్గేది.

1804లో డెన్మార్క్ రాజుగారి సర్వేదారు కొలత గొలుసుతో దిగాడు. పటంలో ప్రతి చెక్క మీదా ఇక మారని పేరొకటి ఉండాలన్నాడు. ముసలివాళ్ళు గొణిగారు. నేను అవతలి ఒడ్డున హూసుమ్ రేవులో ఉన్ని అమ్మి, టీ ఆకు తెచ్చి ఊళ్ళో అమ్మేవాణ్ణి; పేరున్న నేల విలువ ఎరుగుదును. అందరినీ ఒప్పించాను.

చివరిసారి పుల్లలు తీస్తే నాకు పడమటి అంచు వచ్చింది. చనిపోయిన మా తమ్ముడి భార్య వీబ్కెకు నడిమి చెక్క.

"నీ ఇల్లు పడమరే కదమ్మా. అంత దూరం మోపులు మోయడమెందుకు? మార్చుకుందాం" అన్నాను.

"ఇంత జాలి ఎప్పుడు పుట్టింది బావగారూ? టీ ఆకు తూకంలో ఎన్నడూ కనపళ్ళేదే!" అని నవ్వింది. "సరే కానివ్వండి. వచ్చే జూన్‌లో ఎవరికేది పడుతుందో!"

ఇక పుల్లలు ఉండవన్న మాట ఆమె కూడా విన్నదే. నలభై ఏళ్ళ అలవాటు నమ్మనివ్వలేదు. నేను సరిదిద్దలేదు.

ఆ తర్వాత ఏడో ఏట జూన్‌కి ఆమె చెక్క మీద అలలు ఆడుతున్నాయి. కొడవలితో ఊరి సమావేశానికి వచ్చింది.

"తాడు తీయండి. నా మూడు గొర్రెలకు గడ్డి లేదు."

"పటంలో ఉందిగా నీ చెక్క" అన్నాడు పొరుగింటాయన.

"అయితే ఆ కాగితమే మేపమంటావా?"

ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అందరూ నావైపు చూశారు. నేను ఊఁ అంటే తాడు బయటికి వచ్చేది. తలా రెండు బారలు పోయేవి. నాకైతే మంచి నడిమి నేల పోయేది.

"రాజముద్ర పడింది. మన చేతుల్లో లేదు" అన్నాను.

ఆ మాట నిజమో కాదో ఎవరూ అడగలేదు.

ఆకురాలు కాలంలో ఆమే గొర్రెలను నా పడవ దగ్గరికి తోలుకొచ్చింది. బేరమాడుతుందని ధర తక్కువ చెప్పాను. ఆడలేదు. గొర్రెలను ఒక్కొక్కటే పడవలోకి ఎక్కించి, హూసుమ్‌లో పనిమనిషి కావలసిన ఇల్లేదైనా తెలుసా అని అడిగింది.