తొంభై ఆరు దుప్పట్లు

మంచాలమ్మకి ముక్కు మీద కోపమని ఆ సందులో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ రోజు వార్డు ఆఫీసు కిటికీ ముందు ఆవిడకి నోట మాట రాలేదు. మంచాలమ్మకి నోట మాట రాకపోవడమంటే మామూలు విషయమా! వెనక నిలబడ్డవాళ్లు కూడా తొంగి చూశారు, ఈవిడకి ఏమైనా అయిందా అని.

జరిగిందేమిటంటే, మురుగు పైపు మార్చమని అర్జీ పెట్టడానికి వెళ్లింది. ఎప్పుడో వేసిన సన్నపైపు. వారానికి రెండుసార్లు పొంగి, మురుగంతా తిరిగి ఇళ్లలోకే వస్తోంది. కిటికీ అవతల గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "మీ బిల్డింగులో ఉండేది పన్నెండు మంది. సందు మొత్తం కలిపి నూట తొంభై. ఆ మాత్రం మందికి ఈ పైపు ఎక్కువేనమ్మా" అన్నాడు.

"పన్నెండని ఎవడు చెప్పాడయ్యా నీకు?"

గుమాస్తా రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు. పన్నెండు అన్న అంకె కింద మంచాలమ్మ సంతకమే ఉంది. వంకర టింకరగా, ఏటేటా ఒకటి చొప్పున.

ఇక నోరెలా లేస్తుంది?

అసలు సంగతి చెప్పాలంటే మంచాల సంగతి చెప్పాలి. ఆ ఊరికి రోజూ జనం వచ్చి పడుతూనే ఉన్నారు. పనుందంటే వస్తారు, రారా మరి? రమ్మన్నవాళ్లు పని చూపించారు గానీ పడక చూపించలేదు. మంచాలమ్మ చూపించింది. ఓనరు దగ్గర పైన రెండు హాళ్లు అద్దెకు తీసుకుని ముప్పై రెండు మడత మంచాలు వేసింది. ఒక్కో మంచానికి ముగ్గురు. పొద్దుటి డ్యూటీవాడు లేచి వెళ్తే రాత్రి డ్యూటీవాడు వచ్చి పడుకుంటాడు, వాడు లేచేసరికి మూడోవాడు గుమ్మంలో ఆవలిస్తూ నిలబడి ఉంటాడు. ఆ మంచాలకి వెచ్చదనం ఆరిన రోజు లేదు.

ఆవిడ రూలు ఒక్కటే. మంచం ముగ్గురిదీ, దుప్పటి ఎవరిది వాళ్లది. ఒక జట్టుకి నీలం, ఒక జట్టుకి ఆకుపచ్చ, ఒక జట్టుకి ఎరుపు. ఇంకొకరి దుప్పటి ముట్టుకున్నాడంటే వాడి పని అయిపోయినట్టే. మనిషన్నవాడికి ఊళ్లో ఒక్క గుడ్డముక్కయినా సొంతంగా ఉండాలా వద్దా అంటుంది.

ఆఫీసువాళ్లు తనిఖీకి వస్తే మాత్రం మెట్ల మీంచి ఒక్క కేక. "చుట్టాలొచ్చారు!"

అంతే. నాలుగే నాలుగు నిమిషాల్లో ఎరుపు, ఆకుపచ్చ దుప్పట్లు, పన్నెండు పోను మిగిలిన నీలం దుప్పట్లు ట్రంకు పెట్టెల్లోకి, ఇరవై మంచాలు మడిచి తలుపు వెనక్కి, మనుషులు డాబా మీంచి పక్క డాబా మీదికి. వచ్చినవాళ్లకి పన్నెండు నీలం దుప్పట్లు, ఒక మర్యాదస్తురాలు కనిపించేవాళ్లు. ఎక్కువ మంది కనబడితే బిల్డింగుకి సీలు వేస్తారని భయం. సందులో అన్ని ఇళ్లదీ అదే తంతు. పన్నెండేళ్లు అందరూ కలిసి ఎంత తెలివిగా దాక్కున్నారంటే, ఆఖరికి కాగితం మీద లేకుండానే పోయారు. లేనివాళ్లకి పైపెవడేస్తాడు?

"కొత్త లెక్క రాయడానికి బుధవారం పొద్దున ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. ఆ లెక్కని బట్టే పైపులు. తర్వాత ఐదేళ్ల దాకా ఇంకేం ఉండదు" అన్నాడు గుమాస్తా.

ఆవిడ ఇంటికొచ్చేసరికి కింది గదిలో మళ్లీ మురుగు. అది ఆవిడ చెల్లెలి కూతురి కాపురం. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, మంచం మీద మూడు నెలల పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది ఆ అమ్మాయి. అల్లుడు బకెట్లతో తోడి బయట పోస్తున్నాడు. బయట పోసింది మళ్లీ లోపలికి వస్తోంది.

"పెద్దమ్మా, దీనికి మళ్లీ విరోచనాలు" అంది ఆ అమ్మాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.

రెండు నెలల్లో ఇది మూడోసారి. రెండుసార్లు ఆస్పత్రిలో పెట్టి తీసుకొచ్చారు. పిల్లని ఆ మురుగులోంచి తీసేయకపోతే ఈసారి నేను మాటివ్వలేనని డాక్టరు మొహం మీదే చెప్పాడు. తీసేసి ఎక్కడ పెట్టాలి? పైన మంచానికి ముగ్గురు. మంచాలమ్మ తను పడుకునేదే గుమ్మం పక్కన చాప మీద.

పిల్లని ఎత్తుకుంది. బరువే లేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "బుధవారం ఎనిమిది గంటలకి ఒక్కరూ దాక్కోవడం లేదు. రాత్రి డ్యూటీ వాళ్లు తిన్నగా ఇక్కడికే రండి. పొద్దుటి వాళ్లు ఒక పూట ఆలస్యంగా వెళ్తామని చెప్పుకోండి. నిద్రపోయేవాళ్లు లేచి మొహాలు కడుక్కోండి."

మెట్ల చివర కూర్చున్న బస్సు డ్రైవరు అందుకున్నాడు. "అక్కా, సీలు వేస్తే?"

"వేస్తే వేయనీ."

"నీకేం, ఎంత మాటయినా అంటావు. మేం ఎక్కడ పడుకోవాలి?"

"ఏరా, నాకేమా? వాళ్లు సీలు వేసే తలుపు ఎవరిది? నాది కాదా?" గయ్యిమంది. తర్వాత గొంతు తగ్గింది. "నాకూ భయమేరా. కానీ పన్నెండు అని సంతకం పెట్టింది నేను. ఆ పసిదాని నోట్లో మురుగు పోసినదాన్ని నేనే అయ్యాను. ఇంకోసారి పెట్టను. చెయ్యి విరగ్గొట్టినా పెట్టను."

ఆస్పత్రిలో పనిచేసే ఆయా లేచింది. ఎర్ర దుప్పటి జట్టు ఆవిడది. మగాళ్ల హాలు వేరు, ఆడవాళ్ల హాలు వేరు గానీ, నోటి దురుసులో తేడా లేదు. "నేనుంటాను. ఆ వార్డులో నలభై మంది రోగుల్ని లెక్కపెట్టి అప్పజెప్పి వస్తాను రోజూ. నన్ను లెక్కపెట్టిన నాథుడు లేడు" అంది.

మంగళవారం ఓనరు పరుగెత్తుకొచ్చాడు. ఎవరో చెవిలో వేశారు. "నీకేమైనా మతి పోయిందా? పన్నెండేళ్లు గుట్టుగా నెట్టుకొచ్చాం కదా!"

"గుట్టుగా ఉన్నందుకే గదులు మునుగుతున్నాయి బాబూ. కింది గదిలో ఒక్క పూట కూర్చుని వెళ్లండి, తర్వాత మాట్లాడుకుందాం."

ఓనరు కింది గది గుమ్మం దాకా వచ్చి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నాకేం తెలీదు. నన్ను ఇరికించకు" అని చేతులు దులుపుకుని పోయాడు. పోతే పోయాడు!

బుధవారం పొద్దున మంచాలమ్మ చేసిన మొదటి పని, ట్రంకు పెట్టెలన్నీ తెరిచి దుప్పట్లు బయటికి తీయడం. డాబా మీద, మెట్ల కటకటాల మీద, కిటికీలకి, వీధివైపు గోడకి. నీలం, ఆకుపచ్చ, ఎరుపు. మొత్తం తొంభై ఆరు. సందులోకి తిరిగిన ఇన్‌స్పెక్టరు తల పైకెత్తి అక్కడే ఆగిపోయాడు.

ఆవిడ మెట్ల మీద నిలబడి గొంతు చించుకుని అరిచింది. "చుట్టాలొచ్చారు! అందరూ కిందికి రండి!"

దిగారు. దిగుతూనే ఉన్నారు. మెట్లు నిండాయి, వాకిలి నిండింది, ఇంకా పైన ఉన్నవాళ్లు డాబా మీంచి చేతులెత్తారు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఫారానికి ఇరవై నాలుగు గళ్లున్నాయి.

"ఏంటమ్మా ఇది? పన్నెండు మందికి అనుమతి! ఇది నేరం, తెలుసా? సీలు వేయాల్సి వస్తుంది."

"వేయండి. వీళ్లందరూ ఎక్కడికి వెళ్లాలో కూడా ఆ కాగితం మీదే రాసివ్వండి. నేను దగ్గరుండి పంపిస్తాను."

ఆయన కలం గాల్లోనే ఉంది.

"సార్, ఇందాక మీరు దిగిన బస్సు నడిపింది నేనే" అన్నాడు డ్రైవరు. "దాన్ని ఇంకో మనిషికి అప్పజెప్పి మీ వెనకే వచ్చాను. రేపట్నుంచి రోడ్డు పక్కన పడుకుని, ఆ నిద్రతోనే నడపమంటారా మిమ్మల్ని ఎక్కించుకుని?"

ఇన్‌స్పెక్టరు కలం దించాడు. తల వంచుకుని రాయడం మొదలెట్టాడు. పేరు, వయసు, పని. ఫారం అయిపోతే వెనక వైపు, అదీ అయిపోతే తెల్ల కాగితం. సీలు మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. గంట దాటింది. అరవై మంది దాకా వచ్చేసరికి ఆయన కాలు మార్చి కాలు మీద నిలబడటం మొదలెట్టాడు.

"బాత్రూం ఎక్కడమ్మా?" అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"రెండున్నాయి. ఒకటి పొంగింది. రెండోది అదిగో, వరస కనబడుతోందిగా."

వరసలో పద్దెనిమిది మంది ఉన్నారు. ఆయా జాలిపడింది. "పోనీ పాపం, ముందు పంపిద్దామా అక్కా?"

"ఎందుకు? ఆయనది మాత్రం వేరే పొట్టా? వరసంటే వరసే."

నిలబడ్డాడు. పంతొమ్మిదోవాడు. పాపం, ఎంతసేపని బిగబట్టుకుంటాడు? అటు చూశాడు, ఇటు చూశాడు, దుప్పట్లు లెక్కపెట్టాడు. ముప్పావుగంటకి వంతు వచ్చింది. లోపలికి వెళ్లి నీళ్లు పోశాడు. పోసిన నీళ్లు కిందికి పోలేదు, పైకొచ్చాయి. కెవ్వున అరిచాడు గానీ ఎవరూ నవ్వలేదు, అది అక్కడ రోజూ వినే కేకే. బూట్లు చేత్తో పట్టుకుని, ప్యాంటు పిక్కల దాకా మడిచి బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పాదాలు దులుపుకుని మళ్లీ కలం తీశాడు.

మిగిలినవాళ్ల పేర్లు ఒక్కటీ వదలకుండా రాశాడు. మంచాలమ్మది, చెల్లెలి కూతురిది, అల్లుడిది రాశాక చంటిపిల్ల దగ్గర ఆగాడు.

"పేరు?"

"ఇంకా పెట్టలేదు. మూడు నెలల పిల్ల అని రాయండి. కొంచెం పెద్దక్షరాలతో రాయండి, మీ వాళ్లకి కనబడాలి" అంది మంచాలమ్మ.

రాశాడు. కూడి చూసుకుని తల గోక్కున్నాడు. "సరిగ్గా వంద వచ్చిందమ్మా. ఇలా గుండుగుత్తగా ఉంటే పైవాళ్లు నమ్మరు. కూర్చున్నచోటు నుంచి ఏదో రాశాననుకుంటారు."

"అయితే మిమ్మల్నీ కలిపి నూటొకటి రాసుకోండి. వరసలో నిలబడ్డారుగా!"

అప్పుడు నవ్వారు వాకిలంతా. ఆయనకీ నవ్వొచ్చింది గానీ మింగేశాడు. వందనే అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాసి కాగితం ఆవిడకిచ్చాడు. మంచాలమ్మ ఒక్కో పేరూ వేలు పెట్టి చదివింది. చదివి సంతకం పెట్టింది. ఈసారి అక్షరం వంకరపోలేదు.

అంతలో ఎదురింటి డాబా మీద దుప్పట్లు పడ్డాయి. దాని పక్కింటి మీద చాపలు. సందు చివరి నుంచి ఎవరిదో ఆడగొంతు ఖంగుమంది. "చుట్టాలొచ్చారు! అందరూ బయటికి రండే!"

ఇన్‌స్పెక్టరు తలెత్తి సందు ఆ చివరి దాకా చూశాడు. జేబులోంచి ఫోను తీసి ఆఫీసుకి చేశాడు. "నేను సాయంత్రం దాకా రాను. ఇంకో కట్ట ఫారాలు పంపించు. ఒకటి కాదు, నాలుగు పంపించు" అన్నాడు. ఫోను పెట్టేసి మంచాలమ్మ వైపు తిరిగాడు. "ఇంతమందిని చూసి కూడా సీలు ఎందుకు వేయలేదని పైవాళ్లు అడిగితే ఏం చెప్పనమ్మా?"

మంచాలమ్మ పసిదాన్ని అందుకుని భుజాన వేసుకుంది.

"వాళ్లనీ పంపించండి" అంది. "వరస ఉందిగా."