దోషము చెప్పక యిచ్చిన తుపాకి

శరత్కాలము. నాలుగు మాసములు కుండపోతగా కురిసి యలసిన మేఘములు దూదిపింజలై దిక్కులు పట్టిపోగా నల్లమల శిఖరములు తలంటి పోసికొన్న ముత్తైదువల వలె నిర్మలహరితకాంతులతో వెలుగొందుచుండెను. వంకలలో నీరు తేరినది. గట్లపై రెల్లు పూచినది. జొన్నచేల కంకులపై వ్రాలిన పిట్టలను తోలు ఒడిసెల చప్పుడు మాత్రము నాడెక్కడను వినరాదయ్యెను. ఏలయన నది విజయదశమి. కావలివారు సైతము మంచెలు దిగి కోననరసింహస్వామి పారువేటకు తరలిపోయిరి. స్వామి పల్లకి నెక్కి కొండక్రింది పొదలకు వేట వెడలు ఉత్సవమునే ఆ సీమవారు పారువేట యందురు. వేటమండపము ముంగిట పెద్దయింటివా డొకడు తొలి తుపాకి పేల్చినగాని స్వామి పల్లకి గుడికి మరలదు.

అట్టి శుభదినమున గండ్లవీటి పాలెగాండ్ర వంశమునకు కడపటి కొమ్మయైన కోనప్పనాయడు తన ఆయుధశాలలో పీటపై కూర్చుండి గోడవంక చూచుచుండెను. గోడకు టేకుచీలలు ఐదు. ఒక్కొక్క చీల క్రింద నొక్కొక్క కుంకుమబొట్టు. చీలలపై నేమున్నదని యడిగెదరా? ఏమియు లేదు. తుపాకులు పోయినవి, బొట్లు మిగిలినవి. తుపాకి లేని చీలకు ధూపదీపనైవేద్యము లర్పించు గృహస్థుని ఆ మండలమున మఱియొకని చూడజాలము.

ఆ తుపాకు లెట్లు పోయెనో చెప్పవలయు. మొదటిదైన రామబాణమును ఆయన పడుచుదనమున నొక పంచకల్యాణి గుఱ్ఱమున కిచ్చి మార్చుకొనెను. ఆ గుఱ్ఱము నెల తిరుగకుండ శూల వచ్చి చచ్చెను. రెండవదానిని విడిదికి వచ్చిన తెల్లదొర యొకడు బాగున్నదని యొక్క మాట యనినంతనే చేతులు జోడించి సమర్పించెను. దొర మఱునాటికి ఊరి పేరైన జ్ఞప్తియందుంచుకొనలేదు. మూడవదియైన ముత్యాలమ్మను జొన్నచేల కావలివాడు లింగప్ప పెంచిన రెండు వేటకుక్కల కిచ్చెను. నాలుగవది పాటలు పాడు పెట్టె క్రింద పోయెను. పెట్టె రెండేండ్లు పాడి మూడవయేట మూగనోము పట్టెను. ఐదవది చౌడమ్మ. మోకాళ్లు పట్టుకొనిపోయి నాలుగడుగులు నడువజాలని దశలో పొరుగూరి ఓబుళరెడ్డి గూడుబండిపై మనసుపడి నిరుడు చౌడమ్మ నిచ్చి బండి తెచ్చుకొనెను. మోజుపడి యిచ్చుటయు మోజు తీరిన పిమ్మట మొగము మాడ్చుకొనుటయు ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్యలు. ప్రతి దసరాకు నా గోడయెదుట కూర్చుండి కన్నబిడ్డలను సంతలో విడిచి వచ్చితినని కన్నీరు పెట్టుకొనును. ఆ దుఃఖము నిజమైనదే. కాని దుఃఖింపవలసిన సంగతి మఱియొకటి కలదని యాయన కప్పటికి తెలియదు.

ఆ యింట తాతముత్తాతలనాటి కట్టుబాటొకటి యుండెను. పూజలందుకొన్న ఆయుధమునకు పరులయెదుట దోషము చెప్పరాదు. చెప్పినచో ఆయుధదేవత యలిగి వంశమును విడిచిపోవునట. కావున నాయడు తుపాకి నిచ్చినప్పుడెల్ల దాని గుణములను దండకము వలె చదివి యప్పగించెనే కాని దోషమును పెదవి దాటనీయలేదు. చౌడమ్మకు గల దోషము సామాన్యమైనది కాదు. తాతగారి కాలమున కమ్మరి యొకడు బాగుచేయబోయి నిప్పురవ్వ మందును చేరు సన్నని దారిని వంకరపుచ్చెను. మీట నొక్కగానే సుత్తి టక్కున పడును, తుపాకి పేలదు. పేలలేదని చూచువారు తలంతురు. లోపల నిప్పు పాకుచునే యుండును. నరసింహనామము నేడు మారులు స్మరించునంత సేపటికి పిడుగు పడినట్లు పేలును. అంతవరకు గొట్టము కదలింపక భుజమున కానించి నిలుచుట ఆ వంశమువారు ఉగ్గుపాలతో నేర్చిన విద్య. ఓబుళరెడ్డి చావడిగోడకు అందముగా నుండునని దానిని కోరెను గనుక చెప్పకున్న నేమాయెనని నాయడు తన్ను తాను సమాధానపఱచుకొనెను.

పూజకు పత్రి తెచ్చిన బండితోలు వీరన్న గడప కావల నిలిచి సంతోషవార్త చెప్పునట్లు చెప్పెను.

"దొరా, ఈయేడు కోనలో తొలి తుపాకి ఓబుళరెడ్డిగారిదేనంట. మన చౌడమ్మనే గోడమీంచి దింపి, నూనె రాసి, దట్టంగా మందు కూరినారంట."

నాయడు చేతిలోని హారతిపళ్లెమును నేలపై బెట్టెను. పేలలేదని తలంచినవాడు తుపాకి నేమి చేయును? దించును. దించి గొట్టములోనికి తొంగిచూచును. ముప్పదియేండ్లు నిండని ఓబుళరెడ్డి మొగము ఆయన కన్నులకు కట్టినట్లు కనిపించెను. తండ్రి పోయినప్పటినుండి మామా యని పిలిచి యే పనికైనను వచ్చి నిలుచు పిల్లవాడు. పోయి చెప్పవలయు. కాని యేమని చెప్పవలయు? ఏ నోట దండకము చదివెనో ఆ నోటనే వేయిమంది యెదుట నది దోషపు తుపాకి యని చెప్పవలయునా? దేవత యలిగిన వంశమేమి కావలయు? ఊరేమనును? ఇట్లు ముందుకు వెనుకకు నూగిసలాడుచు ఆయన పీటపై కూర్చుండగనే ప్రొద్దు నడినెత్తి కెక్కెను.

ఇల్లాలు వెంగమాంబ విస్తరి వేసి పిలువవచ్చి మగని మొగము చూచి సంగతి యడిగి తెలిసికొనెను. ఆమె మెల్లగా మాటలాడు మనిషి. నాడు మాత్రము గొంతు పెంచెను.

"ఆయుధానికి దోషం చెప్పకూడదని మీ తాతగారు అన్నారు. మనిషిని చంపమని అనలేదు కదా. లేవండి!"

విస్తరి విస్తరిగనే యుండెను. వీరన్న యెద్దులను కట్టెను. కోన రెండు క్రోసుల దూరము. కొండక్రింది ప్రొద్దు త్వరగా వ్రాలును. వ్రాలకమునుపే తొలి తుపాకి పేల్చుట యాచారము. తుపాకి నిచ్చి తెచ్చుకొన్న బండియే తుపాకి వెంట పరుగులెత్తుట చూచి నగుదురో యేడ్తురో చదువరుల యిష్టము. తాతలనాటినుండి యింటివాడే యగుటచే దారిలో నాయడు వీరన్నకు సర్వము చెప్పెను. వీరన్న యెద్దుల తోకలు మెలిపెట్టెను.

రాళ్లవంక దిగుచుండ కుడిచక్రపు కడశీల యూడిపడెను. చక్రము బండిని విడిచి తన దారిన తాను దొర్లిపోయి నీట పడెను. బండి కుడివైపునకు కూలబడి నాయడు ఇసుకపై బోర్లపడెను.

వీరన్న ఆయనను లేవనెత్తుచు పలికెను. "ఈ చక్రానికి శీల నిలవదని రెడ్డిగారి పాత బండోడు మొన్న సంతలో అన్నాడు దొరా. ఇచ్చేటప్పుడు వాళ్లు మనకు చెప్పలా." పిమ్మట తల వంచుకొని యనెను. "మనమూ వాళ్లకు చెప్పలా."

నాయడు పైపంచె నడుమునకు బిగించి పరుగెత్తెను. ఏడాదిగా వాకిలి దాటి నడువని మోకాళ్లు ఆ మధ్యాహ్నము ముళ్లనక రాళ్లనక పరుగెత్తెను. కొండమలుపు తిరుగగానే డప్పులు వినవచ్చెను. డప్పులు మ్రోగుచున్నంతవఱకు భయము లేదు. తుపాకి యెత్తు క్షణమున మాత్రమే యవి యాగును. ఆగకుమా, ఆగకుమా యని యాయన డప్పులకు మ్రొక్కుచు పరుగెత్తెను.

జనము నడుమకు చొరబడి భుజములు త్రోసికొనుచు ముందు వరుసకు చేరబోవుచుండగా డప్పు లాగెను. వేటమండపము ముంగిట పట్టుపంచె గట్టి తలపాగ చుట్టి ఓబుళరెడ్డి పొదలవైపు చౌడమ్మను భుజమున కెత్తి నిలిచియుండెను. పల్లకిలో స్వామి. చుట్టును వేయిమంది. ఆకు కదలిన వినిపించునంత నిశ్శబ్దము. ఒక్క కేక వేసిన చాలును. నాయడు నోరు తెఱచెను. కేక రాలేదు. రొప్పుచే రాలేదని తరువాత పలువురు చెప్పిరి. అది నిజము కాదు. వేయి మొగములు కనబడగానే ముత్తాతల యాన గొంతు పట్టుకొనెను; ఆ సంగతి యాయనయే పిదప నొప్పుకొనెను.

టక్కుమని సుత్తి పడెను.

నరసింహా. పేలలేదు. జనములో నెవ్వడో కిసుక్కున నవ్వెను. నరసింహా. ఓబుళరెడ్డి తల త్రిప్పి నాయని చూచి తానును నవ్వుచు తుపాకి భుజమునుండి దించెను. "ఏమి మామా, మీ చౌడమ్మకు గొంతు పోయిందా?" నరసింహా. గొట్టము పైకి లేచి యాతని మొగమువైపు తిరుగుచుండెను. అప్పటికి నాయని గొంతు పగిలెను.

"చూడకు! అది దోషపు తుపాకి! నేను దాచినాను! ఇప్పుడు పేలుతుంది!"

ఓబుళరెడ్డి తెల్లబోయి గొట్టము మొగమునకు జానెడు దూరమున నుండగా నటులే నిలిచిపోయెను. మాట చెవి కెక్కినది, చేతి కెక్కలేదు. మనిషి యట్లే నిలిచిపోవునని నాయడు తలంపలేదు. నరసింహా. రెండడుగులు. నరసింహా. మఱి రెండు. ఆఱవ నామమునకు ఎడమచేత గొట్టపు కొనను పట్టి పైకి నెట్టెను. ఏడవదానికి చౌడమ్మ పలికెను.

పొగ తొలగిన పిమ్మట చూడగా ఓబుళరెడ్డి తలపాగ కాలి కనుబొమ్మలు కమిలి నేలపై కూర్చుండియుండెను, ప్రాణముతో నుండెను. నాయని యెడమచేత రెండు వ్రేళ్లు లేకుండెను. స్వామి పల్లకి గుడికి మరలెను. ఆ సాయంకాలము మండపములో చేతికి పసుపుకట్టు కట్టించుచు ఓబుళరెడ్డి నాయని పాదములు తాకి చిన్నగొంతుతో పలికెను. "బండి చక్రం సంగతి నేనూ చెప్పలేదు మామా. చెబితే మీరు వద్దంటారని."

తుపాకి తిరిగి యిచ్చెదనన్నను నాయడు పుచ్చుకొనలేదు. దాని గుణము నిరుడు విని దోషము నేడు తెలిసికొంటివి గనుక ఇప్పుడది నిజముగా నీదయ్యెనని చెప్పెను.

ఇచ్చట కథ ముగిసినచో ఎంతయో బాగుండును. కాని చేతి పుండు మానుచుండ నాయనికి తక్కిన చీలలు గుర్తునకు రాసాగెను. గుఱ్ఱపువర్తకుడు దేశముల పాలయ్యెను. దొర సముద్రము దాటెను. పాటలపెట్టె యిచ్చినవాడు చనిపోయి తుపాకి ప్రభుత్వమువారి వశమయ్యెను. చెప్పుటకు దగ్గఱ నున్నది ముత్యాలమ్మ యొక్కతెయే. దాని సుత్తి యెత్తియుంచినపుడు చిన్న దెబ్బ తగిలినను మీట నొక్కకయే జాఱిపడును. లింగప్ప మూడేండ్ల క్రిందట మంచెపైనుండి పడి చనిపోయెనని విని యప్పుడు నాలుగు రూకలంపెను. తుపాకి యిప్పుడెవరిచేత నున్నదో వానికి చెప్పి వత్తమని ఒకనాటి యుదయమున వీరన్న భుజము పట్టుకొని లింగప్ప గుడిసెకు పోయెను.

లింగప్ప భార్య సుంకమ్మ జొన్నలు చెఱుగుచుండెను. దొరను చూచి లేచి చాప పఱచెను. నాయడు కూర్చుండకయే ముత్యాలమ్మ దోషమంతయు చెప్పెను. ఆమె చేట ప్రక్కన బెట్టి వినెను. విని యిట్లనెను.

"ఆయన మంచె మీదనుంచి పడలేదు దొరా. తుపాకి భుజానేసుకొని ఎక్కుతావుంటే నిచ్చెన మెట్టుకు తగిలింది. దానంతట అదే పేలింది. తుపాకి ఎవరిచ్చినారని పోలీసోళ్లు మీ వాకిటికి వస్తారని, మీ పేరు చెడుతుందని, పడి సచ్చినాడని ఊరికి నేనే చెప్పినా."

ఆమె కన్నులలో కోపము లేదు. కోపమున్న నాయడు సహించియుండును.

"ఈ మాట ఆ పొద్దే చెప్పివుంటే సుత్తి దించుకొని ఎక్కేటోడు దొరా. అంతే కదా."

లోనికి పోయి లింగప్ప తలపాగగుడ్డలో చుట్టి యుంచిన తుపాకిని తెచ్చి ఆయన చేత బెట్టెను. మూడు వ్రేళ్ల చేతితో నాయడు దానిని పొదివికొని గడపలోనే కూలబడి పసిబిడ్డ వలె నేడ్చెను. ఇన్నియేండ్లు చీలల కొఱకు కార్చిన కన్నీరు కన్నీరే కాదని యప్పుడు తెలిసెను.

గుణదోషములు రెండును చెప్పి యిచ్చిన వస్తువు పరులదగును. దోషము దాచి యిచ్చినది యెన్నిచేతులు మాఱినను ఇచ్చినవానిదే; అది చేసిన పనియు వానిదే.

నాటినుండి గండ్లవీటి యాయుధశాలలో మూడవచీలపై ముత్యాలమ్మ వ్రేలాడుచున్నది. దసరానాడు నాయడు వీధితలుపులు తెఱచి వచ్చినవా రెల్ల వినునట్లు ఐదు తుపాకుల దోషములను పేరుపేరున చదువును. చదివి నాలుగు చీలల క్రింద కుంకుమబొట్టు పెట్టును. మూడవదాని యొద్దకు వచ్చునప్పటికి సుంకమ్మ నుదురు జ్ఞప్తికి వచ్చి కుంకుమ వ్రేలికొననే యుండిపోవును.