తెల్లచొక్కా మీద తుప్పు చుక్కలు

ఆ వీధిలో అందరికన్నా ముందు తెల్లవారేది లాండ్రీ పెద్దమ్మ దుకాణంలోనే. సూర్యుడు పైకి వచ్చేసరికి వెనక దండెం మీద దుప్పట్లు, చొక్కాలు గాలికి ఉబ్బి, పెళ్ళిభోజనం చేసి వస్తున్న పెద్దమనుషుల్లా పొట్టలు ముందుకు పెట్టుకుని ఊగుతుండేవి. దారిన పోయేవాళ్ళకు చూడముచ్చటగా ఉండేది. అంత తెలుపుకి నీళ్ళు ఎక్కడివని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దుకాణం మేడమీద గదిలో అద్దెకుంటూ, ఆ మాట అడగవలసిన తుప్పుబాబు కూడా అడగలేదు.

తుప్పుబాబు అన్నది వీధి పెట్టిన పేరు. వీధి చివర మూతపడిన పూత కార్ఖానా ఒకటుంది. కుళాయిలకూ తలుపు గడియలకూ మెరుపు పూత వేసి, మిగిలిన మురికినీటిని అది ఏళ్ళ తరబడి ఎండిపోయిన బోరులోకి వదిలింది. సంగతి అందరికీ తెలుసు. కానీ ఇంటికొకరైనా అక్కడ పనిచేసేవారు గనక ఎవరూ నోరెత్తలేదు. చివరికి ఆ పక్కనున్న బడి బోరులో నీళ్ళు పసుపుపచ్చగా వచ్చాయి. పరీక్ష చేస్తే క్రోమియం అనే విషం బయటపడింది.

దానికి విరుగుడు వేయడమే తుప్పుబాబు ఉద్యోగం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే ఇనుపరజనును నీళ్ళలో కలిపి, గొట్టాల గుండా నేలలోకి పంపేవాడు. ఆ ఇనుము విషాన్ని పట్టుకుని, తాను తుప్పుపట్టి, దాని కోరలు పీకి మట్టిలోనే కూర్చోబెడుతుంది. షరతు ఒక్కటే. పని ముగిసేదాకా వీధిలో ఎవరూ బోరు మోటారు వేయకూడదు. వేస్తే ఇనుము విషం వైపు పోకుండా మోటారు వైపు పోతుంది.

అందుకే మొదట్లో అతను ఇల్లిల్లూ తిరిగి, మనుషుల్ని లెక్కబెట్టి మంచినీళ్ళ డబ్బాలు రాయించాడు.

"మీ ఇంట్లో ఎంతమంది పెద్దమ్మా?"

"కనిపించడం లేదూ? ఒక్కదాన్నే."

"అయితే రోజుకో డబ్బా."

ఆమె ఏదో అనబోయి, అతని వెనక వరస కట్టిన ఇరుగుపొరుగును చూసి ఊరుకుంది.

నల్లటి సిరాలాంటి ద్రవాన్ని నేలలోకి దింపే మనిషిని చూసి వీధి బెదిరింది. అతను వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. టీకొట్టు దగ్గర కూర్చుంటే పక్కబల్ల ఖాళీ అయ్యేది. రోజంతా గొట్టాలతోనే సావాసం. సాయంత్రానికి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. అతన్ని పలకరించేది పెద్దమ్మ ఒక్కతే.

"రా నాయనా, మసిబొగ్గులా తయారయ్యావు! ఆ చొక్కా ఇటు పడెయ్యి."

"డబ్బులు తీసుకుంటేనే ఇస్తాను."

"ఓహో, పెద్ద జమీందారు! నువ్వు ఇనుము నేల్లో దించుతావు, నేను ఇనుము బట్టల మీద తోస్తాను. ఇద్దరం ఒకే పనివాళ్ళం. మనలో మనకి డబ్బులేంటి?"

ఇస్త్రీ ఆవిరి వాసన, ఆమె ఇచ్చే వేడి టీ గ్లాసు, మడతలో ఇంకా వెచ్చగా ఉన్న చొక్కా. అతని రోజులో వెలుగంటూ ఉంటే అంతే.

వారాలు గడిచాయి. బడి బోరు నీళ్ళు మాత్రం పసుపు రంగు వదల్లేదు. అతన్ని ఈ పనికి పంపిన ఇంజనీరు మేడం ఫోన్ చేసింది. "ఇంకో పరీక్ష చూద్దాం. మారకపోతే సామాను సర్దుకో. మళ్ళీ డబ్బిచ్చేవాళ్ళెవరూ లేరు."

ఆ సాయంత్రమే పెద్దమ్మ ఒక దుప్పటి అతని ముందు పరిచింది. "చూడు నాయనా, ఎంత రుద్దినా ఈ చుక్కలు పోవడంలేదు. సబ్బులో కల్తీ అంటావా?"

గోధుమరంగు చుక్కలు. అతను తన చొక్కా జేబు వైపు చూసుకున్నాడు. అక్కడా ఉన్నాయి. అది తను దింపిన ఇనుమే!

"పెద్దమ్మా, నేను పనికి వెళ్ళాక మోటారు వేస్తున్నావా?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "వేస్తున్నాను. ఏం, పోలీసుల్ని పిలుస్తావా?"

"బడి నీళ్ళు బాగుపడనిది అందుకే! నేల మీద గోడలున్నాయి గానీ కింద లేవు పెద్దమ్మా. నువ్విక్కడ లాగితే అక్కడ మందు పనిచెయ్యదు."

"ఆ కార్ఖానా అన్నేళ్ళు విషం పోస్తే అడిగిన మొగాడు లేడు. నా రెండు తొట్ల నీళ్ళకి నువ్వొచ్చావు! ఒక్క డబ్బాతో ఇన్ని దుప్పట్లు ఉతకమంటావా? నీ చొక్కాలు దేంతో ఉతికాననుకున్నావు, ఉమ్మితోనా?"

అతను మనుషుల్ని లెక్కబెట్టాడు, వాళ్ళ పనిని లెక్కబెట్టలేదు.

"వెళ్ళు. ఇకనించి నీ బట్టలు నువ్వే ఉతుక్కో."

మేడమీద గదిలో అతను చాలాసేపు గోడకానుకుని కూర్చున్నాడు. ఈ సంగతి మేడంకి చెబితే, తనకోసం తెరుచుకున్న ఒక్క తలుపూ మూసుకుపోతుంది. చెప్పకపోతే, బడిపిల్లల నీళ్ళలో విషం అలాగే ఉండిపోతుంది. తెల్లారాక మేడంకి ఫోన్ చేశాడు. పెద్దమ్మ మోటారు సంగతితో పాటు తన డబ్బా లెక్క కూడా దాచకుండా చెప్పాడు.

మేడం వచ్చి దుకాణం బల్లమీద కూర్చుంది. "మోటారు వేసింది మీరే, కానీ వేయించింది మేమమ్మా. ఇవాళ్టినుంచి మీ దుకాణానికి వేరే ట్యాంకరు వస్తుంది. అయినా మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"ఒక్కదాన్ని కదమ్మా. ఒక్కదాని మాట ఎవరు వింటారులే అనుకున్నాను." పెద్దమ్మ లేచి తనే మోటారు తీగ పీకి మేడం చేతిలో పెట్టింది. అతని వైపు మాత్రం చూడలేదు.

మళ్ళీ ఇనుము దించారు. ఈసారి అది పోవలసిన చోటికే పోయింది. నెలలు తిరిగేసరికి బడి బోరు నీళ్ళు తేటపడ్డాయి, పరీక్షలో విషం జాడ లేదు. వీధంతా బడి ముందు చేరింది. అంతకాలం తప్పించుకు తిరిగినవాళ్ళు అతని చెయ్యి పట్టుకుని ఊపారు. అతని కళ్ళు మాత్రం లాండ్రీ గుమ్మం మీదే ఉన్నాయి. పెద్దమ్మ ఇస్త్రీ చేస్తూనే ఉంది, తలెత్తలేదు. వెళ్ళేరోజు "వస్తాను పెద్దమ్మా" అంటే "ఊఁ" అంది. ఆ ఒక్క అక్షరాన్నే సామానుతో పాటు మోసుకుని అతను బస్సెక్కాడు.

కొత్త ఊళ్ళోనూ అతనికి ఎవరూ లేరు. గొట్టాలు ఇంకా లారీ మీదే ఉన్నాయి. అతను మొదటి ఇంటి తలుపు తట్టాడు. ఒకావిడ అనుమానంగా చూసింది.

"ఏం కావాలి?"

"మీరు ఈ నీళ్ళతో ఏమేం పనులు చేసుకుంటారో చెప్పండమ్మా. ఎంతసేపైనా వింటాను."

ఆమె తలుపు మరికొంచెం తీసింది.

విషం దిగిన నేలను ఇనుపరజను బాగుచేయగలదు. కానీ ఊరి మేలుకోసం ఒకరిని ఆగమనే ముందు, ఆగితే వాళ్ళ బతుకు ఎలా సాగుతుందో అడిగి తెలుసుకోవడం మన బాధ్యత.