వీధి వైపు అంకె

కిరోసిన్ గుడ్డతో సున్నా రేకును తుడిచి గోడకు ఆనించాడు అంకెల బాబాయి. తర్వాత ఆరు. ఆ రేకునే తిరగేసి కొక్కేనికి తగిలిస్తే తొమ్మిది అవుతుంది, అందుకే తొమ్మిదికి క్లబ్బు వేరే రేకు చేయించలేదు. మన జట్టు ముందు ఆరు దాకా రానీ, తొమ్మిది సంగతి తర్వాత చూద్దాం అని ఆయనే నవ్వేవాడు. ఒకటిని చివరికి మిగిల్చాడు. ఆ ఏడాది దానికి పని తక్కువ, దుమ్ము ఎక్కువ. అది సగం తుడిచేసరికి కింద ఆట మొదలైన ఈల వినపడింది. గుడ్డ పక్కన పడేసి లేచాడు.

స్కోరు బోర్డు వెనక గదిలో ఒక మనిషి నిలబడొచ్చు, కూర్చోవచ్చు, అంతే. ఒక వైపు కన్నంలోంచి ఫుట్‌బాల్ మైదానం, ఇంకో వైపు చెక్కల సందులోంచి వీధి. బోర్డుకు రెండు ముఖాలు. గోల్ పడితే రెండు వైపులా రేకు మార్చాలి. వీధి వైపు ముఖాన్ని ఇన్నాళ్లూ బస్సు కోసం నిలబడ్డవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం వీధి వీధంతా మెడలు ఎత్తి దాన్నే చూస్తోంది.

కిందటి ఆటలో పెనాల్టీ ఇవ్వలేదని జనం రెఫరీ మీద సీసాలు విసిరారు. లీగ్ పెద్దలు మైదానానికి తాళం వేశారు. ఇక ఆటలన్నీ జనం లేకుండానే. ఇంకోసారి రెఫరీకి దెబ్బ తగిలితే క్లబ్బునే లీగ్‌లోంచి తీసేస్తామన్నారు. ఆ మీదట అదే రెఫరీని మళ్లీ పంపారు. లోపలివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. బయటివాళ్లకు ఇక ఆటంటే పైనున్న ఆ రెండు అంకెలే.

ఆ అంకెలు చూసే వీధిలో వాదన ముదిరింది. ఇంకా సున్నాయే ఉందంటే రెఫరీ పని మొదలెట్టాడన్నమాటేనని డిపో మెకానిక్ తేల్చేశాడు. అతను అంకెల బాబాయికి సొంత అల్లుడు. ఆట కనపడకుండా రెఫరీ ఎలా కనపడ్డాడని పచారీ కొట్టాయన అడిగాడు.

"అత్తగారి కోపం తెలియాలంటే వంటింట్లోకి తొంగి చూడాలా? గిన్నెల చప్పుడు చాలదూ?" అన్నాడు అల్లుడు. జనం గొల్లుమన్నారు.

పైన బాబాయి కూడా నవ్వుకున్నాడు.

కొట్టాయన వదల్లేదు. సీసాలు మనం వేస్తే శిక్ష పక్కింటివాడికి పడుతుందా అన్నాడు. అల్లుడి గొంతులో నవ్వు పోయింది. "వాళ్ల మైదానంలో రాళ్లు పడితే హెచ్చరిక. మన దగ్గర సీసా పడితే తాళం. ఇదేం క్రమశిక్షణ, చెప్పు."

కొట్టాయన మళ్లీ బోర్డు వైపే మెడ ఎత్తాడు.

మైదానం నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దమే బాబాయిని భయపెడుతోంది. రెండేళ్లుగా ఆయన కళ్లకు పొరలు. కన్నంలోంచి చూస్తే పచ్చటి మసక, అందులో కదిలే రంగులు, అంతే. ఆపరేషన్ చేయించుకుంటే క్లబ్బుకు తెలుస్తుంది, తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వరు. భార్య పోయాక కూతురింట్లో ఆయనదంటూ ఒక మంచం ఉంది. తనతో పనున్న చోటు మాత్రం ఈ గది ఒక్కటే. అందుకని నోరు మెదపలేదు. జనమే ఆయనకు కళ్లయ్యారు. గోల్ పడితే చెక్కలు అదిరేవి. లైన్‌మన్ జెండా ఎత్తితే ఆ అరుపు మధ్యలోనే తెగేది. రేకు మార్చాలో వద్దో చెవులే చెప్పేవి. ఇప్పుడు ఆ చెవులకు పని లేదు.

ఆట అయిపోవస్తుండగా అవతలి గోల్ దగ్గర సొంత ఆటగాళ్లు కేక వేశారు. వల కదిలినట్టే అనిపించింది. బాబాయి ఒకటిని ఎత్తి ముందు వీధి వైపే తగిలించాడు. పాపం వాళ్లు పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నారు.

వీధి పేలిపోయింది. ఎవరో ఎవరినో భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ హోరులో కింద నుంచి క్లబ్బు మేనేజర్ అరుస్తున్నది ఆయనకు ఆలస్యంగా వినపడింది.

"తియ్యి బాబాయ్! ఆఫ్‌సైడ్! గోల్ ఇవ్వలేదు!"

ఆయన ఒకటిని తీసి మళ్లీ సున్నా పెట్టాడు. హోరు ఆగింది. తర్వాత మొదలైంది వేరే రకం చప్పుడు. ఇచ్చిన గోల్ మింగేశాడని ఒకడు, బోర్డు మీద పడ్డాక ఎలా తీస్తాడని ఇంకొకడు. రోడ్డు పక్క కంకర కుప్ప మీద కాళ్ల చప్పుడు వినపడింది. ఆఖరి ఈల మోగింది. రెఫరీ బయటికి రావాలంటే బోర్డు కిందున్న గేటు ఒక్కటే దారి.

"వాణ్ణి ముందు నాకు వదలండి." ఆ గొంతు అల్లుడిది.

బాబాయి నిచ్చెన మెట్లను కాళ్లతో తడుముకుంటూ దిగాడు. పొద్దున తుంపరకు వేసుకున్న నల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. గేటు తలుపు నెట్టి బయట అడుగు పెట్టాడు.

రెఫరీలాగే నల్లబట్టలో మనిషి కనపడగానే రాయి వచ్చింది.

కణత మీద తగిలింది. ఆయన పడలేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యా," అన్నాడు అల్లుడు. రాయి విసిరిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"పెట్టింది నేను, తీసింది నేను. రెఫరీ గోల్ ఇవ్వనే లేదు. నాకు కళ్లు కనపడటం లేదురా."

వెనక ఒకడు నమ్మలేదు. నిన్ను వాళ్లే పంపారు, నాటకాలొద్దు అన్నాడు. ముందుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇవెన్ని వేళ్లో చెప్పు."

బాబాయి కళ్లు చికిలించాడు. "మూడు."

"నేను చెయ్యే ఎత్తలేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ముందుకు సాగలేదు. కంకర రాళ్లు ఒక్కొక్కటిగా నేల మీద పడిన చప్పుడు అయింది. రెఫరీ తల వంచుకుని వాళ్ల మధ్య నుంచే నడిచి వెళ్లాడు. ఆయన మీద చెయ్యి పడలేదు. క్లబ్బు నిలిచింది. సొంత మనిషికి తగిలిన రాయికి లీగ్ నిబంధనల్లో శిక్ష లేదు.

మేనేజర్ వచ్చి, రేపటి నుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాడు. బాబాయి తలూపాడు. జేబుగుడ్డ కణతకు అదుముకుని నిచ్చెన వైపు కదిలాడు.

"ఆసుపత్రికి పోదాం మామయ్యా. రేకులు నేను తీస్తాను."

"మంచులో వదిలేస్తే తుప్పు పడతాయి. నీకు కొక్కేలు తెలియవు. ఇక్కడే ఉండు." రెండు మెట్లు ఎక్కి ఆగాడు. "అమ్మాయి అడిగితే నిచ్చెన తగిలిందని చెప్పు."

అల్లుడు కింద నిలబడ్డాడు. పైన రేకుల చప్పుడు కాసేపు వినపడింది. తర్వాత గుడ్డ రాస్తున్న చప్పుడు. తర్వాత అదీ లేదు. రెండుసార్లు పిలిచి పైకి ఎక్కాడు.

రేకులన్నీ వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. మామయ్య వాటి పక్కనే గోడకు జారగిలబడి, తల వాల్చి కూర్చున్నాడు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. పిలిస్తే పలకలేదు. ముట్టుకుంటే కదలలేదు.

ఆయన ఒళ్లో ఒకటి రేకు ఉంది. పై సగం తళతళలాడుతోంది, కింది సగం మీద దుమ్ము అలాగే ఉంది.