తొమ్మిదో అధ్యాయంలో కిటికీ

ప్రూఫులు దిద్దేవాళ్ళు కథ చదవకూడదు. అక్షరం చూడాలి, ముందుకు పోవాలి. కథలో పడ్డామా, తప్పులు మన కళ్ళముందే దర్జాగా నడిచి వెళ్ళిపోతాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రెస్సులో నేను పాటించిన నియమం ఇదే. అందుకే అందరూ నన్ను డేగకళ్ళావిడ అంటారు. వెనకాల ఇంకేమేమో అంటారట, అది నాకనవసరం.

నా ఆడపడుచు కూడా ఇక్కడే పనిచేస్తుంది. తను చేతిరాత ప్రతిని పైకి చదువుతుంది, నేను అచ్చు ప్రూఫులో సరిచూస్తాను. "కత్తి మీద రక్తం లేదు ఫుల్‌స్టాపు అయితే కామా" అంటూ వార్తలు చదివినట్టు చదువుకుపోతుంది.

ఈసారి వచ్చింది ఒక హత్య నవల. రాసినావిడ రిటైరైన నర్సు. మొదటి పుస్తకం, పదకొండేళ్ళు రాసిందట. అందులో ఒక రచయిత్రిని ఎవరో చంపేస్తారు. ఆవిడ సగంలో వదిలేసిన నవల లోపల ఇంకో హత్య. లోపలి కథ ముడి విప్పితే తప్ప బయటి హంతకులు దొరకరు.

మూడో అధ్యాయానికల్లా ఆడపడుచు కామాలు చదవడం మానేసింది. నేనూ అడగడం మానేశాను. అన్నం తినేటప్పుడు కూడా ఇదే గోల.

"చంపింది మేనల్లుడే వదినా. వాడి చూపే బాగాలేదు."

"చూపు బాగాలేనివాళ్ళంతా హంతకులైతే మీ అన్నయ్య ఎప్పుడో జైల్లో ఉండాలి" అన్నాను. నా అనుమానమంతా డాక్టరు మీద.

అంత మైమరపులోనూ తొమ్మిదో అధ్యాయంలో ఒక తప్పు పట్టాను. రచయిత్రి హత్య జరిగినప్పుడు గది కిటికీ మూసి ఉందని ఆ ఇంటి వంటావిడ మూడో అధ్యాయంలో చెప్పింది. ఇక్కడేమో తెరిచి ఉందంటోంది. లోపలి కథలో కిటికీ తెరిచే ఉంటుంది. పాపం పెద్దావిడ, రెండు కథల మధ్య తికమకపడింది అనుకున్నాను. ఇలాంటివి రాసినవాళ్ళని అడగడం పద్ధతి. ఇందులో అడిగేదేముందని 'తెరిచి' కొట్టేసి 'మూసి' అని రాశాను. ఆవిడ పరువు కాపాడానని రోజంతా పొంగిపోయాను కూడా.

వారం తర్వాత చివరి పేజీల ప్రూఫు వచ్చింది. ఆడపడుచు చదువుతోంది. డిటెక్టివ్ వంటావిడ వైపు తిరిగి అంటాడు: "మొదట కిటికీ మూసి ఉందన్నావు. తర్వాత తెరిచి ఉందన్నావు. తెరిచిన కిటికీ చనిపోయినావిడ నవల్లోది. ఆ కాగితాలు హత్య జరిగిన రోజే మాయమయ్యాయి. నువ్వెప్పుడు చదివావు?"

తికమకపడింది పెద్దావిడ కాదు, హంతకురాలు. తొమ్మిదో అధ్యాయం ఉన్న ఫారం, అంటే ఆ పదహారు పేజీలూ, పొద్దున్నే అచ్చయిపోయి మెషీను పక్కన నడుమెత్తు దొంతరగా ఉన్నాయి.

"ఒక్క మాటేగా వదినా, ఎవరు చూడొచ్చారు?" అంది ఆడపడుచు మెల్లగా. "ఊరుకుంటే పోయేదానికి ముప్పై ఏళ్ళ పేరు పోగొట్టుకుంటావా?"

ఆ మాట నాకు రుచించింది, అబద్ధమెందుకు. కానీ పదకొండేళ్ళు కష్టపడి దాచిన ఆధారాన్ని నేను ఒక్క గీతతో తీసిపారేశాను. పుస్తకంలో రెండు హత్యలే అనుకున్నాను, మూడోది నేనే చేశాను.

సరిగ్గా అప్పుడే పుస్తకం రాసినావిడ వచ్చింది, చివరి ప్రూఫు చూసుకోవడానికి. చేతిసంచీ, కళ్ళజోడు, అందరినీ పేషెంట్లలా బుజ్జగించి పలకరించే గొంతు. ప్రెస్సు యజమాని ఎదురుగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "అంటే, దాన్ని నా పొరపాటనుకున్నావా అమ్మా?"

"అవునండీ. క్షమించండి."

"ఆధారమేమోనని ఒక్క క్షణం కూడా అనిపించలేదూ?"

"లేదండీ."

"ఇక్కడందరూ చెప్పే డేగకళ్ళావిడవి నువ్వేగా?"

"నేనేనండీ" అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని పకపకా నవ్వింది.

"పదకొండేళ్ళుగా నాకు ఒకటే బెంగ, తొమ్మిదో అధ్యాయంలోనే ఎవరైనా పట్టేస్తారని. నీ కళ్ళే మోసపోయాయంటే ఇంక నాకు దిగుల్లేదు తల్లీ!"

యజమాని మాత్రం నవ్వలేదు. ఆ ఫారం మళ్ళీ వేయమని మెషీనతనితో చెప్పి, నన్నొక చూపు చూసి వెళ్ళిపోయాడు. రేపు నాకు అక్షింతలు తప్పవు.

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "అది సరే, అప్పటిదాకా ఎవరనుకున్నావు?"

"డాక్టరండీ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"డాక్టరా! ఎందుకని?"

ముప్పై ఏళ్ళలో ఎన్ని తప్పులు దొరికాయనే అడిగారు నన్ను. కథ ఎలా అనిపించిందని అడిగినవాళ్ళు లేరు. ప్రూఫులు పక్కకు నెట్టి, మొదటి అధ్యాయం నుంచి చెప్పడం మొదలుపెట్టాను.